వశిష్ఠ గట్టు పక్కన, ఇంటి షెడ్డులో కట్టిన జీపు: ఒక కేస్ స్టడీ

ఇంటి దగ్గర సొంతంగా బండి కట్టుకుంటానని ఎవరైనా వస్తే నేను ముందు ఇంజన్ సంగతి అడగను. పని ఆగిపోయినప్పుడు బండి ఎక్కడ ఉంటుంది, ఏ స్థితిలో ఉంటుంది అని అడుగుతాను. ఎందుకంటే ఇంట్లో కట్టే బండి మీద పని జరిగే రోజులు తక్కువ, ఊరికే నిలబడి ఉండే రోజులే ఎక్కువ. డబ్బు అయిపోతుంది, పార్టు దొరకదు, పెళ్ళిళ్ళ సీజన్ వస్తుంది, వాన వస్తుంది. పొడి గాలి ఉండే ఊళ్ళో అయితే విప్పిన బండికి టార్పాలిన్ కప్పి ఆరు నెలలు వదిలేసినా పెద్దగా చెడదు. మన గోదావరి డెల్టాలో అలా కుదరదు. ఇక్కడి గాలిలో తేమ ఉంది, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పు ఉంది, ఇప్పుడు చుట్టూ చెరువుల నీళ్ళూ ఉన్నాయి. పొద్దున తుప్పు గీకి తెల్లగా మెరిపించిన రేకు సాయంత్రానికి గోధుమ రంగు తిరుగుతుంది. ఈ కేసులో మేము నెగ్గింది ఆగిన రోజులకు కూడా ముందే లెక్క వేసుకోవడం వల్లే అని నా గట్టి నమ్మకం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బండి 1974 మహీంద్రా సీజే-3బీ జీపు, పెట్రోల్. ఓనరు నాకు బాబాయ్ వరస, యలమంచిలి మండలంలో గోదావరి పాయ వశిష్ఠ గట్టుకు దగ్గరగా ఇల్లు, వెనామీ రొయ్యల చెరువులు. నాది పాలకొల్లులో లేత్ షాపు, చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ల గేర్‌బాక్సులు, పడవ షాఫ్టులు, రైస్ మిల్లు బుష్‌లు మా రోజువారీ పని. పాత జీపులంటే ఇష్టం కొద్దీ వాటి పనీ పట్టుకున్నాను. ఈ జీపు బాబాయ్ వాళ్ళ నాన్నగారు కాలవ కాంట్రాక్టులు చేసే రోజుల్లో తిరిగింది, తర్వాత కొబ్బరి తోటలో తాటాకు పాక కింద చాలా ఏళ్ళు ఉండిపోయింది. ఫ్లోర్ రేకు మీద కాలు పెడితే కిందికి దిగిపోయేలా ఉంది. డ్రైవర్ సీటు కింద పెట్రోల్ ట్యాంకు కూర్చునే గుంట పూర్తిగా పోయింది. ఈ మోడల్లో నీళ్ళు చేరేది అక్కడే, కాబట్టి పాత జీపు ఏదైనా కొనేముందు సీటెత్తి ఆ గుంట చూడండి. ఇంజన్ పట్టేసింది. కానీ ఛాసిస్ నంబరు చక్కగా చదవడానికి వస్తోంది, ఆర్‌సీ బీరువాలో ఉంది, రెండూ సరిపోతున్నాయి. నాకు అది చాలు.

బాబాయ్ మనసులో ఉన్న బండి వేరు. ఫోన్లో వీడియోలు చూసి బొలేరో డీజిల్ ఇంజన్, వెడల్పు టైర్లు, పొడిగించిన బాడీ అనుకున్నాడు. అంత కష్టం ఎందుకు, హర్యానాలోని మండి డబ్వాలీలో రెడీగా కట్టిన జీపు తెప్పించుకోమని ఒకాయన సలహా కూడా ఇచ్చాడు. ఇద్దరికీ నేను చట్టం గురించే చెప్పాను. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో అదే తేల్చి చెప్పింది. రంగు మార్చుకోవచ్చు, దాన్ని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లారీ గుద్దిన రోజున ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది కాగితాలకూ బండికీ పొంతన ఉందా అనే. బయట నుంచి తెప్పించే జీపైనా అంతే, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఆ రాష్ట్రం ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) మూడూ కళ్ళారా చూడకుండా డబ్బు కట్టకూడదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా ఆలోచించాం. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి అది ఇస్తారు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, కొత్తగా చేయించుకోవడానికి ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు, రోజువారీ వాడకానికి తిప్పకూడదు. బాబాయ్‌కి చెరువు గట్ల మీదికి వెళ్ళాలి, ఆదివారం మనవళ్ళని ఎక్కించుకుని అంతర్వేది వెళ్ళి రావాలి. అందుకని మామూలు ఆర్‌సీ రెన్యువల్ దారిలోనే ఉండిపోయాం.

మరి కస్టమ్ ఏముంది అంటారా. మొత్తం ఉంది, కాకపోతే కంటికి కనపడదు. బాడీ కొలతలు, ఆకారం, ఇంజన్, ఛాసిస్ అన్నీ పాతవే. నీరు ఎక్కడ చేరుతుంది, ఎలా పోతుంది, గాలి ఎక్కడ ఆడుతుంది, ఏ బోల్టు ఎవరి చెయ్యి దూరి విప్పగలదు అన్నవి మాత్రం ఈ ఊరి కోసం మళ్ళీ ఆలోచించి కట్టినవి.

మొదలుపెట్టే ముందే బాబాయ్‌తో మూడు విషయాలు గట్టిగా మాట్లాడుకున్నాను. ఛాసిస్ ఎప్పుడూ చక్రాల మీదే ఉండాలి, స్టాండ్ల మీద ఎత్తి పెట్టినా ఏ పూటకా పూట దించేయాలి. బాడీ ఎప్పుడూ విడిగా, చెక్క ఫ్రేము మీద, నలుగురు మనుషులు ఎత్తుకెళ్ళగలిగేలా ఉండాలి. గీకిన రేకు ఏదీ ప్రైమర్ లేకుండా ఆ రాత్రి గడపకూడదు. ఈ మూడో మాట వల్ల పని బాగా నెమ్మదిస్తుంది, ఎందుకంటే సాయంత్రంలోపు ప్రైమర్ కొట్టగలిగినంత మేరే పొద్దున గీకాలి. బాబాయ్‌కి అది నచ్చలేదు. "ఏరా అబ్బాయ్, ఇలా జానెడు జానెడు గీకితే ఎప్పటికి అవుతుందిరా" అనేవాడు. నేను మాత్రం ఒప్పుకోలేదు.

ఛాసిస్‌తో మొదలెట్టాం. మేస్త్రీలు గోడకు వేసే గుండు తెచ్చి, స్ప్రింగ్ హ్యాంగర్ల నుంచి కిందికి వేలాడదీసి, సిమెంటు నేల మీద సుద్దతో గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకి రెండు వైపులా టేపుతో కొలిచాం. రెండు కొలతలూ దగ్గరగా వచ్చాయి, అంటే ఛాసిస్ మెలి తిరగలేదు. ఈ పనికి ఖర్చేమీ లేదు, దీన్ని చేయకుండా బాడీ కూర్చోబెట్టినవాళ్ళు తర్వాత డోర్లు పట్టక అవస్థ పడటం చూశాను. తర్వాత చిన్న సుత్తితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ వెళ్ళాను. మంచి ఇనుము ఖంగుమంటుంది, లోపల తిన్న చోట శబ్దం చచ్చిపోతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే చోట్లే ఎక్కువ తిన్నది. ఉప్పు తనంతట తానే గాలిలో తేమని లాక్కుంటుంది, కాబట్టి ఆ సందుల్లో ఎండాకాలంలో కూడా తడి ఆరదు. అలాంటి చోట పైన ముక్క వేసి అతికిస్తే లోపలి తుప్పు తిరిగి తింటూనే ఉంటుంది. మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అదే మందం ముక్క అంచుకి అంచు కలిపి వెల్డింగ్ చేశాం.

బోల్టులు, బ్రాకెట్లు, బానెట్ కీలు లాంటి చిన్న సామాను తుప్పు వదిలించడానికి ప్లాస్టిక్ డ్రమ్ము, నీళ్ళు, చాకలి సోడా, బ్యాటరీ ఛార్జరు సరిపోయాయి. నెగెటివ్ వైరు మన సామానుకి, పాజిటివ్ వైరు ఒక పనికిరాని ఇనప రేకుకి. దీన్ని ఇంట్లో చేసేవాళ్ళు కొన్ని సంగతులు తప్పకుండా గుర్తుంచుకోవాలి. సోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది. పాజిటివ్ వైపు స్టీలు గిన్నె ముక్క వాడితే విషపు క్రోమియం నీళ్ళలోకి దిగుతుంది. పని జరుగుతున్నంతసేపూ హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే పెట్టాలి. కమాన్ పట్టీలని మాత్రం ఇందులో ముంచకూడదు, గట్టి స్టీలు హైడ్రోజన్ పీల్చుకుని పెళుసుబారుతుంది. మా కమాన్లు వైర్ బ్రష్‌తోనే శుభ్రం చేశాం.

ఇంజన్ దగ్గర మొదటి ఆనందం. సిలిండర్లలో డీజిల్ పోసి నానబెట్టి, రోజూ కొంచెం కొంచెంగా ఫ్లైవీల్ పళ్ళ దగ్గర నుంచి కదిపితే ఒక మధ్యాహ్నం తిరిగింది. ఈ 2199 సీసీ హరికేన్ ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి, 3బీ బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణం అదే. బ్లాకు పగల్లేదు. బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయొచ్చు అనుకున్నాం, విజయవాడ ఆటోనగర్‌లో పిస్టన్ సెట్టు కూడా దొరికింది.

క్రాంక్‌ని, అంటే పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే షాఫ్టుని, గ్రైండింగ్‌కి ఇచ్చిన చోట దెబ్బ తగిలింది. జర్నల్ (బేరింగులో తిరిగే గుండ్రని భాగం) కొలత సరిగ్గానే ఉంది, కానీ జర్నల్ పక్కనున్న వెబ్ అనే చేతిని కలిసే మూలలో ఉండాల్సిన గుండ్రని వంపు తీసేసి పదునైన మూల వదిలేశారు. కొలతలు మాత్రమే చూసేవాళ్ళకి అది కనపడదు. క్రాంకు విరిగిందంటే పగులు మొదలయ్యేది ఆ మూల నుంచే, ఈ ఇంజన్ స్ట్రోకు 111 మిల్లీమీటర్లు, బోరు కన్నా చాలా ఎక్కువ కాబట్టి క్రాంకు మీద బలం గట్టిగానే పడుతుంది. వాళ్ళతో వాదించి లాభం లేకపోయింది. ఇంకో షాపులో తర్వాతి అండర్‌సైజుకి, అంటే ఇంకాస్త సన్నటి కొలతకి, వంపుతో సహా, నేను పక్కన నిలబడి గ్రైండింగ్ చేయించాను. డబ్బు రెండుసార్లు అయింది. క్రాంకు వెనక్కి వచ్చినప్పుడు ఒక్క మైక్రోమీటర్ రీడింగ్‌తో సరిపెట్టుకోకండి, మూలల్లో గోరు పెట్టి చూడండి.

ఆ తర్వాత చెరువుల్లో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చింది. కౌంటుకి, అంటే అమ్మే సైజుకి, రాకముందే రొయ్య పట్టేయాల్సి వచ్చింది, పంట మీద పెట్టిన మేత డబ్బు కూడా తిరిగి రాలేదు. బాబాయ్ నా దగ్గరికొచ్చి, "బండి మాట ఇక కొన్నాళ్ళు ఎత్తొద్దురా" అన్నాడు. ఆయన ముఖం చూసి నాకు బండి కంటే ఆయన గురించే బెంగపడింది. ఇలాంటప్పుడే ఇళ్ళల్లో బండ్లు పాడైపోతాయి. చేతిలో పనిముట్టు ఎక్కడ ఉంటే అక్కడ వదిలేసి వెళ్ళిపోతాం, మళ్ళీ వచ్చేసరికి సగం చేసిన పని తుప్పుకి పోతుంది, అది చూసి మిగతా సగం చేయబుద్ధి కాదు.

మేము దాన్ని సరిగ్గా నిద్రపుచ్చాం. ఇంజన్ కూర్చేసి, ప్లగ్గు రంధ్రాల్లోంచి ఇంజన్ ఆయిల్ పోసి, ప్లగ్గులు బిగించి, కార్బొరేటర్, సైలెన్సర్ నోళ్ళకి నూనె గుడ్డ, పైన ప్లాస్టిక్ కట్టాం. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) నిండుగా ఆయిల్‌తో. బ్రేకు ఆయిల్ మాత్రం అసలు పోయలేదు. మామూలుగా వాడే బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఆ నీటితో వీల్ సిలిండర్లు లోపల్నుంచి గుంతలు పడతాయి. కట్టే బండిలో బ్రేకు ఆయిల్ చివరి పనిగా ఉండాలి. విప్పిన సామానంతా ఎక్కడిదో రాసి మూతలున్న డబ్బాల్లో పెట్టాం, పిన్ని ఆవకాయ జాడీల పక్కన అరలో చోటిచ్చింది. అప్పటి నుంచి చెరువు దగ్గర మోటారు పని మీద నేను అటు వెళ్ళినప్పుడల్లా ఇంజన్‌ని చేత్తో కొంచెం తిప్పి వచ్చేవాణ్ణి.

2022 జూలైలో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అదీ దాటేసింది, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు మించిపోయింది. లంక ఊళ్ళు మునిగాయి. గట్టుకి ఇవతల ఉన్న బాబాయ్ వాళ్ళ ఊరికి గట్టు తెగుతుందేమోనని రాత్రంతా టెన్షన్, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. మూడో హెచ్చరిక వస్తోందనగానే బాబాయ్ చుట్టుపక్కల కుర్రాళ్ళని పిలిచి ముందు పిన్ని సామాను, బియ్యం మేడెక్కించాడు, తర్వాత బాడీని చెక్క ఫ్రేముతో సహా ఎత్తి వీధి అరుగు మీద పెట్టారు, ఛాసిస్‌కి తాడు కట్టి ట్రాక్టరుతో గట్టు రోడ్డు మీదికి లాక్కెళ్ళారు. ఆ బండి ఇంజన్ తిరక్కపోయినా చక్రాలు తిరుగుతాయి కాబట్టి అది కుదిరింది. గట్టు నిలబడింది. షెడ్డులోకి మాత్రం ఊటనీళ్ళు వచ్చి చాలా రోజులు నిలిచాయి. ఛాసిస్ అక్కడ స్టాండ్ల మీద ఉండిపోయి ఉంటే డిఫరెన్షియళ్ళలోకి నీళ్ళు దూరేవి. వరద తీశాక బాబాయే ఫోన్ చేసి, "మళ్ళీ మొదలెడదాం రా" అన్నాడు. వదిలేసిన బండి మీద ఆయనకు మళ్ళీ ఆశ పుట్టించింది ఆ వరదే.

బాడీ పనికి ఎక్కువ కాలం పట్టింది. 18 గేజ్ రేకు, అంటే 1.2 మిల్లీమీటర్లు, సీఓటూ వెల్డింగ్. ఇక్కడ రెండు అడ్డంకులు. ఒకటి కరెంటు. చీకటి పడ్డాక చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుందని ఊళ్ళో ఏరేటర్లన్నీ తిరుగుతాయి, ఓల్టేజీ దిగుతుంది, వెల్డింగ్ పైన అంటుతుంది గానీ లోపలికి దిగదు. అందుకని వెల్డింగ్ పగలే. పగలు చేద్దామంటే మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది, ఆ గాలికి వెల్డింగ్‌ని కప్పి కాపాడే గ్యాసు కొట్టుకుపోయి వెల్డింగ్ బుడగలు పడుతుంది. షెడ్డుకి గాలి వచ్చే వైపు పరదాలు కట్టి, పొద్దున పూట ఎక్కువ పని చేసుకున్నాం. పెట్రోల్ ట్యాంకు అప్పటికే తీసి పెరటి చివర పెట్టేశాం, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపలంతా ఆవిరే ఉంటుంది.

మధ్యలో కుడి పక్క రేకు కోసం బయట నుంచి ఒక టింకరింగ్ మేస్త్రీని పెట్టుకున్నాం. ఆయన చూస్తుండగానే జానెడు గీత ఏకబిగిన వెల్డింగ్ లాగేశాడు. వేడికి రేకు అప్పడంలా లేచింది. అక్కడ పుట్టీ పెట్టి సాపు చేసేస్తానన్నాడు, నేను వద్దన్నాను. పాలిస్టర్ పుట్టీ తేమ పీలుస్తుంది, మందంగా పెడితే రెండో వానాకాలానికి పెంకులా ఊడుతుంది. లేచిన చోట్ల చిన్న చుక్కలుగా వేడి చేసి, తడి గుడ్డతో చల్లార్చి, వెనక దిమ్మ ఆనించి సుత్తితో కొట్టి కిందికి తెచ్చాను. ఆ తర్వాత వెల్డింగ్ అంతా చుక్క పెట్టడం, అంత దూరం వెళ్ళి ఇంకో చుక్క పెట్టడం, చెయ్యి ఆనేంత చల్లబడ్డాకే మధ్య ఖాళీ నింపడం.

ఫ్లోర్ కింద బలం కోసం ఉండే టోపీ ఆకారపు పట్టీల చివర్లు మూయకుండా వదిలాను, ప్రతి పట్టీకి కింద రంధ్రాలు, రబ్బరు బిరడాలు. ట్యాంకు గుంటకి రెండు మూలల్లో నీళ్ళు పోయే దారి. రేకు మీద రేకు కలిసిన ప్రతి చోటా వెల్డింగ్‌కి ముందే జింకు ప్రైమర్, తర్వాత సీమ్ సీలర్, పెయింటు అయ్యాక లోపలి బోలుల్లో మైనం స్ప్రే. నేను కస్టమ్ అన్నది దీన్నే. వెడల్పు టైర్లు వేసిన బండిని జనం నిలబడి చూస్తారు, నిజమే. పదేళ్ళ తర్వాత కూడా ఫ్లోర్ మీద ధైర్యంగా కాలు పెట్టగలిగే బండి నాకు అంతకంటే అందంగా కనిపిస్తుంది.

పెయింటుకి సంక్రాంతి దాటాక మొదలుపెట్టాం, పొద్దున మంచు విడిచాక, ఎండ ఎక్కాక. రేకు వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరుగా దిగే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేకపోతే కంటికి కనపడని తడి పొర మీద పెయింటు కొడుతున్నట్టు. ముందు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పల్చగా పుట్టీ, మళ్ళీ ప్రైమర్. పాత పద్ధతి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు చౌకే గానీ మన తేమలో తెల్లబడుతుంది, థిన్నర్ ఆవిరవుతూ పైపొరని చల్లబరిస్తే గాలిలో నీరు దాని మీదే దిగుతుంది. పీయూ (పాలీయురెథేన్) పెయింటు నిలబడుతుంది. కాకపోతే దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకి చేసే హాని తిరిగి రానిది, ముక్కుకి తువాలు కట్టుకుంటే ఆగవు. ఇంట్లో పిల్లలున్నారు. అందుకే ప్రైమర్ వరకే షెడ్డులో చేసి, చివరి రంగు మాత్రం బూత్ ఉన్న చోట కొట్టించాం. ఇంటి బండి మొత్తం ఇంట్లోనే చేయాలని పట్టుదల ఉన్నవాళ్ళు ఈ ఒక్కదానికీ దాన్ని సడలించుకోవాలి. పాత బూడిద రంగు పోయి ముదురు ఆకుపచ్చ వచ్చింది, ఆర్‌సీలో ఎక్కించాం.

వైరింగ్ కొత్తగా, ఫ్యూజు బాక్సుతో వేశాం, పెద్దగా చెప్పేదేం లేదు. పెట్రోల్ లైన్ గురించి మాత్రం చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రాన్ని అది మెత్తబరుస్తుంది, పైగా తేమని పీలుస్తుంది, ఎక్కువ రోజులు నిలవుంటే నీళ్ళు విడిగా ట్యాంకు అడుక్కి దిగుతాయి. ఇథనాల్‌ని తట్టుకునే వైటాన్ రబ్బరు పైపులు వేసి, డయాఫ్రం మార్చి, ట్యాంకు అడుగున నీళ్ళు వదిలే బిరడా పెట్టాను. బండి వారం మించి ఆగేట్టుంటే కార్బొరేటర్ ఖాళీ చేయమని బాబాయ్‌కి నేర్పాను.

మొదటిసారి రోడ్డెక్కినప్పుడు నలభై దాటగానే స్టీరింగ్ విపరీతంగా వణికింది. బాబాయ్ ముఖం పాలిపోయింది, పిన్ని ఈ బండి ఎక్కనంది. జీపుల్లో ఇది కొత్తేం కాదు. టైరు బ్యాలెన్సింగ్‌తో మొదలెట్టి, షాకిళ్ళు, టై రాడ్ ఎండ్లు, బెల్ క్రాంక్ వరుసగా చూసుకుంటూ వెళ్ళాం. ముందు చక్రం పక్కకి తిరిగే కింగ్‌పిన్ బేరింగుల్లో లూజు దొరికింది. షిమ్ములు (సందులో పెట్టే పల్చటి రేకులు) తీసి సరైన బిగువు తెచ్చి, టో-ఇన్ (ముందు చక్రాలు కొంచెం లోపలికి తిరిగి ఉండే కొలత) సరిచేశాక వణుకు పోయింది. స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి వేసేయమని చాలామంది చెప్పారు, వేస్తే వణుకు దాగుతుంది గానీ లూజు అలాగే ఉంటుంది.

ఫిట్‌నెస్ చూసి ఆర్‌సీ రెన్యువల్ చేశారు, ఐదేళ్ళకి. ఇప్పుడు బండి రోజు విడిచి రోజు చెరువు గట్ల మీద తిరుగుతోంది. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఆయిల్ సీల్ కొంచెం చెమ్మగిల్లుతోంది, హ్యాండ్ బ్రేకు డ్రమ్ము దాని వెనకే ఉంటుంది కాబట్టి ఆయిల్ అక్కడికి చేరేలోపే మార్చాలి. టాపు గుడ్డ కుట్టడం ఇంకా అవలేదు. వానలు తగ్గాక ఫ్లోర్ కింద బిరడాలన్నీ తీసి లోపల మైనం ఎలా ఉందో చూస్తాం, ఎక్కడైనా పల్చబడితే మళ్ళీ కొడతాం. ఆ పని బాబాయ్ మనవడికి అప్పజెప్పాను, వాడి చేతులు సన్నగా ఉంటాయి, ఆ రంధ్రాల దగ్గరికి సులువుగా వెళ్తాయి.